నెఫీసె చెంచా

అన్యాయం జరిగింది ఎవరికి? దూది ఏకే రిజాకు. ఎలా జరిగింది? అతను చెయ్యని పని అతనే చేశాడని ఊరంతా నమ్మింది. ఎవరు చేశారో ఎరిగిన ఒకే ఒక్క ఇల్లు నోరు మెదపలేదు. ఆ ఇల్లు మలమతిది.

ఈ ప్రశ్నలనూ ఈ జవాబులనూ మలమతి యాభై మూడేళ్లుగా తనలో తాను అప్పజెప్పుకుంటూ వచ్చింది. పందొమ్మిది వందల తొంభై నాలుగు నవంబరులో, గ్రీకు దేశపు సరస్సు ఊరు కస్తోరియాలో, ఆ మంగళవారం ఉదయం, పొయ్యి ముందు నిలబడి పాకం తిప్పుతూ మరోసారి అప్పజెప్పుకుంది. గిన్నెలో కిదోని పళ్ల ముక్కలు ఉడుకుతున్నాయి. పచ్చిగా కొరికితే నాలుకను వగరుతో మొద్దుబార్చే ఆ గట్టి పసుపుపచ్చ పళ్లు, చక్కెరలో సన్నని సెగ మీద మగ్గితే మెత్తబడి మాణిక్యం రంగుకు తిరుగుతాయి. ఏటా ఈ రోజుల్లో ఆమె చేసే మిఠాయే అది. ఈసారి మాత్రం ఒక చిన్న గాజుసీసాను వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, మంచి ముక్కలు ఏరి అందులో నింపింది. మూత బిగించి తుండుగుడ్డలో చుట్టింది. తర్వాత పటాల అర దగ్గరికి వెళ్లి, మరియమ్మ పటం వెనక చెయ్యి పెట్టి ఒక చెంచా తీసింది.

వెండి చెంచా. కాఫీలో చక్కెర కలుపుకునేపాటిది. కాడ చివర తులిప్ పువ్వు చెక్కి ఉంది. గిన్నె అంచు మాత్రం ఎడమవైపుకు వంగి, అరిగి, పన్ను విరిగినచోట పడే సందులాంటి నొక్కు పడి ఉంది. మలమతి దాన్ని గౌను జేబులో వేసుకుని, సీసాను చంకన పెట్టుకుని, గుమ్మం పక్క మేకుకు వేలాడే జానెడు చర్చి తాళంచెవిని అందుకుని బయటికి వచ్చింది.

పొట్టి మనిషి. నల్ల గౌను, నల్ల తలగుడ్డ. కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్లు దిగి ఉంటుంది. నలభై ఏళ్లు బొచ్చుతోళ్ల కుట్టుమిషను మీద వంగిన ఆనవాలు అది. చూపుడువేలి కొన కొమ్ములా గట్టిపడింది. మోకాళ్లు మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఆ ఒంట్లో వయసు ముట్టుకోనివి కళ్లు రెండే. డెబ్భై అయిదేళ్లకు ఆమెకు కళ్లద్దాలు లేవు.

ఇంటి నుంచి చర్చికి పందొమ్మిది రాతి మెట్లు దిగాలి. మూడో మెట్టు మీద ఆగడం ఆమెకు చిన్ననాటి అలవాటు. అక్కడి నుంచి సరస్సు కనిపిస్తుంది. కనిపించిన ప్రతిదానికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవడమే ఆమె ఉదయ ప్రార్థన. మంచుకు, మంచులోంచి ముందు తలలు, తర్వాత ఒళ్లు బయటపెట్టే గూడబాతులకు, కొయ్యగుంజల మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులకు, అడుగు బల్లపరుపుగా ఉండే పడవలకు, ఆవలి ఒడ్డున రంగు మారిన చెట్లకు. ఆరోజు కూడా ఆగింది. అన్నీ కనిపించాయి. నోరు మాత్రం పెగల్లేదు. జూలై నెల నుంచి పెగలడం లేదు. చెవిటివాడి ముందు నిలబడ్డట్టు కాసేపు నిలబడి, కిందికి దిగింది.

ఆ చర్చి ఎనిమిది వందల ఏళ్లనాటిది. మేకల కొట్టమంత ఉంటుంది. బయటి గోడల్లో ఇటుకలతోనే సూర్యబింబాలు పేర్చారు. లోపల నూనెపొగకు నల్లబడ్డ గోడల మీద, మనిషి ఎత్తున, ఆరుగురు పునీతులు వరుసగా నిలబడి ఉంటారు. అయిదో ఆమె పునీత పరాస్కెవి. కళ్ల జబ్బులు మాన్పే తల్లి. ఎర్రటి పైవస్త్రం, సన్నని ముక్కు, బిగించిన పెదవులు. కళ్లుండాల్సిన చోట సున్నం దాకా దిగిన రెండు తెల్లటి గుంటలు. పక్కన నీలం రంగు రేకు మీద ఎవరో ఎప్పుడో రాయించి బిగించారు: ఈ చిత్రం కళ్లను పందొమ్మిది వందల ఇరవై రెండులో ఒక తురుష్కుడు పెకలించాడు.

ముప్పై మూడేళ్లుగా మలమతి ఆ రేకును బుధ, శని వారాల్లో తుడుస్తోంది.

తలుపు బార్లా తీసి, చీపురు అందుకునేలోగా పక్క కార్ఖానా నుంచి నవూమ్ వచ్చాడు. ఒకప్పుడు నలభై మిషన్లు తిరిగిన కార్ఖానా. ఇప్పుడు ఆరు తిరుగుతున్నాయి. అతని భుజం మీద మింక్ అనే ముంగిసలాంటి జంతువు తోళ్లతో కుట్టిన బొచ్చుపలక వేలాడుతోంది. పెద్ద తోళ్లు కోటులకు పోగా మిగిలిన పాదాలు, గొంతులు, తోకల తునకలను ఒక్కొక్కటే జతచేసి దుప్పటిలా కుట్టడం ఈ ఊరి విద్య. ఇంకెక్కడైనా పారేసే ముక్కలతో ఈ ఊరు మేడలు కట్టింది.

"అక్కా, ఇది కాస్త చూసిపెడుదూ. మావాళ్ల కళ్లకి అంతా ఒకటే రంగు."

మలమతి పలకను గుమ్మం వెలుగులోకి లాగి, బొచ్చు మీద నోటితో ఊదింది. బొచ్చు విచ్చుకుని మూసుకుంది. రెండోసారి ఊదింది.

"మూడో వరసలో, ఎడంపక్క నించి ఏడోది. అది పాదం తునక కాదు, గొంతు కిందది. ఎండలో వేసుకుంటే మచ్చ కనపడుద్ది."

"చచ్చాం. ఇప్పుడిదంతా విప్పాలా?"

"ఒక్క తునక విప్పడానికి అంత ఏడుపా? చేతకాకపోతే చెప్పు, నేనొచ్చి కూచుంటా."

నవూమ్ తన దళసరి కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "నాకన్నా పదిహేనేళ్లు పెద్దదానివి. నిజం చెప్పు, ఆ తల్లి కళ్లు పీక్కుని నువ్వే పెట్టుకున్నావు కదూ? ఉత్తిపుణ్యానికి ఆ తురకోణ్ణి అంటున్నాం."

పదేళ్లుగా అతను వేస్తున్న హాస్యమే అది. ప్రతిసారీ మలమతి చీపురు ఎత్తి బెదిరించేది. ఆరోజు ఎత్తలేదు.

"అంతే అనుకో," అంది. "మధ్యాహ్నం మాస్టారొస్తాడు. నువ్వూ రా."

"ఆ సీసా విప్పుతావా ఏంటి?"

"దాని మీద కన్నెయ్యకు. అది వేరేవాళ్లది."

నవూమ్ పలకను భుజాన వేసుకుని గొణుక్కుంటూ వెళ్లాడు. మలమతి నేల ఊడ్చి, నూనెదీపాల గిన్నెలు దించి, బల్ల మీద వరుసగా పెట్టుకుంది. సందర్శకుల పుస్తకం తెరిచింది. జూలై పేజీ దగ్గర ఒక కొవ్వొత్తి ముక్క గుర్తుగా ఉంది.

జూలైలో ఆరోజు ఆర్గీరిస్ మాస్టారు ఎప్పటిలాగే యాత్రికులకు చర్చి చూపించి, రేకు మీద మాటను రిజా పేరుతో సహా విడమరిచి చెప్పాడు. అందరూ వెళ్లాక ఒక స్త్రీ మిగిలింది. నలభై అయిదేళ్లుంటాయి, పొట్టి జుట్టు, చేతిలో సంచి. గ్రీకులో మాట్లాడింది, కానీ ఆ గ్రీకు కస్తోరియాలో మలమతి అవ్వతోపాటే మట్టిలో కలిసిపోయిన గ్రీకు. తలుపును, నీళ్లను, చల్లదనాన్ని ఆమె ఆ పాత పేర్లతో పిలుస్తుంటే మలమతి చేతిలో గుడ్డ జారిపోయింది. తురుష్క దేశంలోని చతాల్జా నుంచి వచ్చిందట. పేరు పెరిహాన్. రిజా మనవరాలు.

"నాయనమ్మ నేర్పింది ఈ బాస," అని చెప్పింది. "మా నాన్న హుస్నూని కూడా రమ్మన్నానమ్మా. రానన్నాడు. ఆ మచ్చ మోసుకుని ఆ ఊళ్లో కాలు పెట్టలేనన్నాడు. చిన్నప్పుడు నాన్న తాతని అడిగితే, ఆయన అవునూ అనలేదంట, కాదూ అనలేదంట." తర్వాత ఒక కొవ్వొత్తి వెలిగించి, కళ్లు లేని పునీతురాలి ముందు తల వంచింది. "మా తాత చేసినదానికి మమ్మల్ని క్షమించండి."

అప్పుడు చెప్పాల్సింది. ఆ మాట నాలుక కొసన ఉండగానే మలమతి ఆమెకు గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. పెరిహాన్ తాగి, పుస్తకంలో పేరూ చిరునామా రాసి వెళ్లిపోయింది. నిర్దోషి క్షమాపణ చెప్పుకుని వెళ్లింది, దోషి గ్లాసు కడుక్కుంది. మూడో మెట్టు మీద ప్రార్థన ఆగిపోయింది ఆ మర్నాటి నుంచే.

పన్నెండు దాటాక ఆర్గీరిస్ మాస్టారు తాడుతో కట్టిన అట్టపెట్టెను రెండు చేతులతో మోసుకుంటూ వచ్చాడు. నిటారైన మనిషి, రిటైరై ఎనిమిదేళ్లయినా చొక్కా జేబులో ఎర్ర పెన్సిలు ఉండాల్సిందే. పెట్టెలో ఉన్నది పన్నెండేళ్లు కూర్చుని రాసిన పుస్తకం, కొయ్యగుంజల కాలం నుంచి నేటిదాకా కస్తోరియా చరిత్ర, అచ్చుకు ముందు దిద్దుకునే ప్రతి. రేపు ఉదయం బస్సులో థెస్సలొనీకి నగరంలోని అచ్చాఫీసుకు తీసుకుపోతాడు. చర్చి వెడల్పు ఒకసారి కొలిచి సరిచూసుకోవాలట.

"కొలత ఎక్కడికీ పోదు," అంది మలమతి. "మొదటినించి చదువు మాస్టారూ. నేను దీపాలు తుడిచేదాకా వింటా."

"ఆరువందల పేజీలక్కా."

"ఆరు దీపాలున్నాయిగా. మంచి ముక్కలు చదువు."

ఇంతకాలానికి ఒకరు అడిగినందుకు మాస్టారి ముఖం వెలిగింది. బల్ల మీద కూర్చుని తాడు విప్పాడు. ఈలోగా నవూమ్ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

మాస్టారు చదివాడు. ఏడువేల ఏళ్ల కిందట ఎవరో సరస్సు బురదలో గుంజలు దిగ్గొట్టి, వాటి మీద ఇళ్లు కట్టుకుని, ఎముక గాలాలతో చేపలు పట్టి, ఒక కొయ్యపలక మీద ఏవో గీతలు గీసి వెళ్లిపోయారు. కిందటేడు ఆ పలక బయటపడింది, గీతల అర్థం చెప్పేవాడు లేడు. తర్వాత నీటి మీద ఎలుకల్లా ఈదే, కస్తోరి అనే బొచ్చుజంతువులు, వాటి పేరు ఊరికి అంటుకోవడం. చక్రవర్తుల గోడలు. గోడలెక్కిన నార్మన్లు, బల్గర్లు, సెర్బులు. గోడలు కట్టినవాడికీ ఎక్కినవాడికీ తలా ఒక చర్చి. అయిదు వందల ఏళ్ల పైచిలుకు సుల్తానుల ఏలుబడి. ఆ ఏలుబడిలోనే బొచ్చు తునకల మూటలతో వియన్నా దాకా నడిచివెళ్లిన వర్తకులు, వాళ్లు తిరిగొచ్చి కట్టిన రంగు కిటికీల మేడలు. పందొమ్మిది వందల పన్నెండులో సుల్తాను జెండా దిగి గ్రీకు జెండా ఎక్కడం. ఇరవై నాలుగులో రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద ఇక్కడి ముసల్మానులు తురుష్క దేశానికి, అక్కడి క్రైస్తవులు ఇటు. నలభై నాలుగు మార్చిలో జర్మను సైనికులు వెయ్యిమంది యూదులను ఆడపిల్లల బడిలో పెట్టి తాళం వేయడం, చావు శిబిరాల వైపు లారీలు. ఆ తర్వాత కొండల మీద అన్నదమ్ముల యుద్ధం.

మలమతి చేతిలో మూడో దీపం తళతళలాడుతోంది. ఆ కొండల యుద్ధంలోనే ఆమె భర్త పోయాడు. ఆ బడి కిటికీలో రాకేల్ ముఖాన్ని ఆమె వీధిలోంచి చూసింది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని తునకలు కుట్టినవాళ్లు. ఈ కళ్లు చూసినవాటిలో కృతజ్ఞత చెప్పుకోలేనివి కూడా ఉన్నాయి.

"రాకేల్ వాళ్లకి ఎన్ని వరసలు రాశావు?"

"నాలుగు. కానీ వెనక పేర్లన్నీ వేశానక్కా. దొరికిన ప్రతి పేరూ. ఇరవై రెండు పేజీలు పట్టాయి."

"మంచి పని చేశావు." ఆమె దీపాన్ని బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు ఈ చర్చి చదువు."

మాస్టారు పేజీలు తిప్పి గొంతు సవరించుకున్నాడు. "పందొమ్మిది వందల ఇరవై రెండు సెప్టెంబరులో రిజా అనే దూది ఏకే ముసల్మాను, మతద్వేషంతో పునీత పరాస్కెవి కళ్లను కత్తితో పెకలించాడు. ఆ గాట్లను నేటికీ చూడవచ్చు."

"ఆ వాక్యం తప్పు."

"తారీఖా?"

"మనిషి. కత్తి కూడా తప్పే. చెంచా."

మాస్టారు కళ్లద్దాల పైనుంచి చూశాడు. నవూమ్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. మలమతి బల్ల అవతలి కొసన కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తొందర లేకుండా చెప్పింది.

ఆ ఏడు ఆమెకు మూడేళ్లు. కళ్లు పుసులు కట్టి, వాచి, పది రోజులుగా తెరుచుకోలేదు. పక్కింటి రిజా కొడుకు హుస్నూకు కూడా అదే జబ్బు, రెండేళ్లవాడు. రిజా భార్య నెఫీసె ఒక చిన్న గిన్నెలో తేనె, అందులో తన పెళ్లినాటి వెండి చెంచా వేసి మలమతి అవ్వ దొమ్నాకు ఇచ్చింది, పిల్ల కళ్లకు రాయమని. తేనె పని చెయ్యలేదు. మర్నాడు తెల్లవారుతుండగా దొమ్నా ఆ చెంచా పట్టుకుని ఈ చర్చికి వచ్చి, కళ్ల తల్లి కళ్ల మీది పూతను గీకి, రుమాల్లో పట్టింది. ఆ రోజుల్లో అవ్వలకు తెలిసిన మందు అది. సగం తన మనవరాలి కళ్లకు పెట్టింది. మిగతా సగం గోడ మీదుగా నెఫీసెకు ఇచ్చింది.

ఆ వారమే ఆసియా మైనరులో తురుష్కుల చేతిలో మన సేన చితికిపోయిన వార్త ఊళ్లోకి వచ్చింది. చర్చిలో గుంటలు చూసినవాడు ముందు అరిచాడు, తర్వాత ఆలోచించలేదు. గుంపు రిజా ఇంటికి పోయింది. కిటికీలన్నీ పగిలాయి, దూది ఏకే వింటిని విరిచారు, ఒక రాయి అతని చెవి పైభాగాన్ని తీసుకుపోయింది. దొమ్నా పరుగున వెళ్లి, నేనే చేశానని చెప్పేస్తానంది. రిజా చెవికి గుడ్డ అదుముకుని ఆమెను ఆపాడు. నిన్ను కూడా కొడతారు, నన్నెలాగూ వదలరు, అన్నాడు. పిల్లలిద్దరూ కళ్లు తెరిచారు, ఇక మనం నోళ్లు మూసుకుందాం, అన్నాడు. రెండేళ్ల తర్వాత ఊరు విడిచి వెళ్లేటప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. దొమ్నా వంగిపోయిన చెంచాను తిరిగి ఇవ్వలేక దాచుకుంది. నలభై ఒకటి ఆకలి చలికాలంలో, పోయే ముందు, దాన్ని మలమతి చేతిలో పెట్టి ఇదంతా చెప్పింది.



"మా నాన్న కళ్లారా చూశానన్నాడు," అన్నాడు మాస్టారు.

"మీ నాన్న చూసింది కిటికీ, ఆర్గీరీ. దాన్ని పగలగొట్టిందీ ఆయనే."

"సాక్ష్యం కావాలక్కా. నేను రాసేది చరిత్ర. ఎవరో చెప్పారని..."

"రిజా మీద రాసినప్పుడు ఏ సాక్ష్యం అడిగావు?"

మలమతి మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. "వరసలో ఆరుగురున్నారు. మిగతా అయిదుగురికీ కళ్లున్నాయి. ద్వేషంతో వచ్చినవాడు కళ్ల తల్లినొక్కదాన్నే ఏరుకుంటాడా? కళ్లు కావాల్సినవాళ్లు ఏరుకుంటారు." గౌను జేబులోంచి చెంచా తీసి అతని చేతికిచ్చింది. "ఎడమ కంట్లో కింద చూడు. ఒక గీత రెండుగా చీలి ఉంటుంది. ఆనించి చూడు."

మాస్టారు నవూమ్‌ను కొవ్వొత్తి పట్టుకోమని, ఆ గుంట దగ్గరికి ముఖం పెట్టాడు. సున్నంలో అన్ని గీతలూ చివర రెండుగా చీలి ఉన్నాయి, మధ్యలో సన్నటి గట్టుతో. చెంచా అంచును వాటిలో పెట్టాడు. నొక్కు గట్టు మీద కూర్చుంది. ఇంకో గీతలో పెట్టాడు. అందులోనూ కూర్చుంది. అతని చెయ్యి కిందికి రావడానికి చాలాసేపు పట్టింది.

"నలభై ఏళ్లు పిల్లలకి చెప్పాను," అన్నాడు. "ఇక్కడే వరసలో నిలబెట్టి మరీ చెప్పాను. ఇంతకాలం నువ్వెందుకు ఊరుకున్నావు?"

"మొదట్లో అవ్వ పరువు పోతుందని. తర్వాత ఈ తాళంచెవి తీసేసుకుంటారని. ఆ తర్వాత అలవాటైపోయింది. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇద్దరం సమానమే. రాయి."

నవూమ్ నేల చూస్తూ, "నేను పొద్దున్న ఊరికే హాస్యానికి..." అని ఆగిపోయాడు.

"ఊళ్లో నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివేరా," అంది మలమతి.

మాస్టారు ఎర్ర పెన్సిలు తీసి, పేజీని మోకాలి మీద పెట్టుకుని, రెండు వరుసలనూ కొట్టేశాడు. పెన్సిలు ఆగింది. "ఒక స్త్రీ అని రాస్తే చాలదా? మీ అవ్వ పేరెందుకు బయటికి?"

"రిజా పేరు రాశావుగా. దొమ్నా అని రాయి. ఇంటిపేరుతో."

"ఆ దుమ్ముతోనే నయమైందని రాయనా? వైద్యులు ఒప్పుకోరు."

"ఎలా నయమైందో నాకూ తెలియదు. చూపు దక్కింది. అంతవరకే రాయి."

రాయడం అయ్యాక అతన్ని నిలబెట్టి చదివించింది, బడిలో పిల్లవాణ్ణి చదివించినట్టు. అతను చదివాడు: "పందొమ్మిది వందల ఇరవై రెండు సెప్టెంబరులో దొమ్నా మావ్రొవీతి అనే ఈ ఊరి స్త్రీ, ఇద్దరు పిల్లల కళ్లజబ్బుకు మందుగా, పునీత పరాస్కెవి కళ్ల పూతను చెంచాతో గీకింది. నింద ఆమె పొరుగువాడు, దూది ఏకే రిజా మీద పడింది. నిజం ఎరిగి కూడా అతను ఆమెను పట్టివ్వలేదు. ఊరు అతనికి అన్యాయం చేసింది. పిల్లలిద్దరికీ చూపు దక్కింది."

"ఊరు అతనికి అన్యాయం చేసింది," అని మలమతి మళ్లీ పలికి చూసుకుంది. ఆ మాట ఆమె చెప్పమన్నది కాదు. మాస్టారే రాశాడు.

ఆమె సందర్శకుల పుస్తకంలోని చిరునామా చూపించి, సీసానూ చెంచానూ అతని ముందుకు జరిపింది. "ఆ పేజీ వీళ్లకి పంపు. వాళ్ల నాన్నని రమ్మను. వస్తే ఈ చెంచా ఇవ్వు, అది వాళ్లమ్మది. ఇరుగింటి సామాను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, అందుకని ఈ సీసా."

"వచ్చినప్పుడు నువ్వే ఇద్దువుగాని."

"నువ్వుంచు. మతిమరుపుదాన్ని," అంది మలమతి. జీవితంలో ఏదీ మరిచిపోని మనిషి.

మూడు గంటలకు చర్చికి తాళం వేసి మెట్లెక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగి, రాతిగోడకు ఆనుకుంది. మంచు పూర్తిగా విడిపోయింది. సరస్సు మీద ఎండ పలుచగా పరుచుకుని, గాలి ఊదినచోట బొచ్చులా విచ్చుకుని మూసుకుంటోంది. గూడబాతులు బారులు తీరి దక్షిణపు ఒడ్డుకు పోతున్నాయి. ఆమె పెదవులు కదిలాయి. నీళ్లకు, పక్షులకు, పడవలకు, ఆవలి ఒడ్డుకు కృతజ్ఞత చెప్పుకుంది. ఆ వరుసలో ఎన్నడూ లేని పేర్లు చేర్చింది. తేనె ఇచ్చిన నెఫీసెకు. చెవిని పోగొట్టుకుని నోరు మూసుకున్న రిజాకు. భయపడ్డ అవ్వకు. కళ్లిచ్చి గుంటలు మిగుల్చుకున్న తల్లికి. కిటికీలోంచి చెయ్యి ఊపిన రాకేల్‌కు. చెప్పడం అయ్యేసరికి ఎండ ఒక మెట్టు పైకి జరిగింది.

ఇంట్లో చేప వేయించుకుని తింది. గిన్నెలో మిగిలిన పాకాన్ని రొట్టెముక్కతో తుడిచి తింది. వరండాలో కుర్చీ వేసుకుని సరస్సు వైపు కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు నవూమ్ సరిచేసిన బొచ్చుపలకను చూపించడానికి వచ్చాడు. "అక్కా, ఇప్పుడు చూడు, ఎక్కడా మచ్చ లేదు," అంటూ ఆమె ఎదుట పరిచి పట్టుకున్నాడు. ఆమె ఊదలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నవూమ్ పలకను నెమ్మదిగా మడిచి, ఆమె మోకాళ్ల మీద కప్పి, మాస్టారి ఇంటి వైపు నడిచాడు.

పుస్తకం మార్చిలో వచ్చింది. ఆ పేజీ, ఒక ఉత్తరంతోపాటు, చతాల్జాకు వెళ్లింది. మే నెల మొదటివారంలో పెరిహాన్ చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన మెట్లు దిగాడు. బక్కపలచటి మనిషి, ఉన్ని టోపీ, చేతికర్ర. కళ్లద్దాలు లేవు. గోడ మీద నీలం రేకు ఉండే చోట ఇప్పుడు నాలుగు మేకు రంధ్రాలున్నాయి. మాస్టారు, ఇరుగుపొరుగు వింటుండగా, ఆ పేజీని నిలబడి చదివాడు. "ఊరు అతనికి అన్యాయం చేసింది" దగ్గర మాట తడబడితే, ఆ వాక్యాన్ని రెండోసారి సరిగ్గా చదివాడు.

హుస్నూ టోపీ తీసి చేత్తో పట్టుకుని, పునీతురాలి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ పాత గ్రీకులో అడిగాడు. "ఆ రెండో పిల్ల ఏదీ?"

నవూమ్ చేత్తో ఆకాశం వైపు కాక, మెట్ల పైన మూసి ఉన్న వరండా వైపు చూపించాడు. ముసలాయనకు అర్థమైంది.

మాస్టారు చెంచానూ సీసానూ అందించాడు. హుస్నూ చెంచా కాడ మీది పువ్వును బొటనవేలితో తడిమాడు. "ఇంట్లో అయిదే ఉండేవి," అన్నాడు కూతురితో. "ఆరోది ఏదని అడిగితే మీ నాయనమ్మ, మంచిచోట ఉందిలేరా అనేది." సీసా మూత తీసి, వంగిన చెంచాతోనే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. రెండోది పెరిహాన్‌కు పెట్టాడు. మూడోది మాస్టారికి, ఆయన వద్దన్నా వినకుండా. నవూమ్‌కు, గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లకు, ఎవరి రాళ్లు తన ఇంటి మీద పడ్డాయో వాళ్ల మనవలకూ మనవరాళ్లకూ, తన చేత్తో తలా ఒక ముక్క పెట్టాడు. అయ్యాక చెంచాను పంపు దగ్గర కడిగి, రుమాలుతో తుడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"సీసాలో ఇంకొకటుంది నాన్నా," అంది పెరిహాన్.

"అది చేసినావిడది," అని ముసలాయన టోపీ పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

సీసా పరాస్కెవి పాదాల దగ్గర కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. సరస్సు మీంచి వచ్చే సాయంకాలపు ఎండ దాని గాజులోంచి దూరి, అడుగున మిగిలిన ఒక్క ముక్క ఎరుపును గోడ మీదికి, ఆ రెండు తెల్లటి గుంటల దాకా, మెల్లగా ఎక్కించింది.